ఒక్కదిక్కు ముక్కు బందైతే: ఎమ్మారై చూసేది ఏంది?

(మొన్న ఆదివారం నల్లగొండల ఆర్‌ఎంపీ డాక్టర్లకు, ఆశా అక్కలకు, నర్సింగ్ పిల్లలకు ఒక రేడియాలజీ డాక్టర్ సారు చెప్పిన ముచ్చట ఇది. రాలేకపోయినోళ్ల కోసం ఫోన్ రికార్డింగ్ విని టైపు చేసినం. తడబడ్డ మాటలు తీసేసినం, మిగతాది సారు మాట్లాడినట్టే ఉంచినం.)

అందరికి నమస్తె. ఎనుకదాంక వినపడుతున్నదా? ఆ ఫ్యాన్ కింద కూసున్న అక్కలు, చెయ్యి లేపుండ్రి వినపడితే. ఆఁ, సరే.

నేను డాక్టరునే గానీ నా దగ్గరికి పేషెంట్లు మాట్లాడనీకి రారు, మిషన్ల పండుకోనీకి వస్తరు. వాళ్లు ఒక అర్రల పండుతరు, నేను ఇంకో అర్రల కూసోని బొమ్మలు చూస్త. చానమందికి నా మొఖం గూడ ఎరుక ఉండదు. అందుకే గిట్ల మైకు దొరికితే జర ఎక్కువనే మాట్లాడుత, ఏమనుకోకుండ్రి.

ముందు ఒకటి అడుగుత. "సారూ, నాకు సైనస్ ఉన్నది" అనుకుంట మీ దగ్గరికి రోజుకు ఎంతమంది వస్తరు? పదిమంది? ఇరవైమందా? అరే, సైనస్ అందరికి ఉంటది! నాకున్నది, మీకున్నది, ఆ చాయ్ పోస్తున్న తమ్ముడికి ఉన్నది. సైనస్ అంటే రోగం పేరు గాదు, ముక్కు చుట్టూ ఎముకలల్ల ఉండే ఖాళీ అర్రలు. చెంపలల్ల రెండు, కనుబొమ్మల మీద రెండు, కండ్ల నడుమ చిన్న చిన్నయి తేనెతుట్టె లెక్క, ఇంకా లోపలికి పోతే తలకాయ నట్టనడుమ మళ్ల ఒక జత. మొత్తం నాలుగు జతలు. లోపల గాలి ఉంటది, గోడలకు తడి పొర ఉంటది, ఆ తడి ఎప్పటికప్పుడు ముక్కులకు జారిపోవాలె. జారిపోనీకి ఒక సందు ఉంటది. ఈ సందు సంగతి యాదికి పెట్టుకోండ్రి, మళ్ల వస్త దీని దగ్గరికి.

ఇగ ముచ్చటల పడుదాం. సర్ది అయితే ముక్కు రెండుదిక్కుల బందైతది. దుమ్ము పడకపోతే, ఎలర్జీ ఉంటే రెండుదిక్కుల తుమ్ములు, రెండుదిక్కుల కారుడు. ఎలర్జీకి పెరిగే కండ, మన దగ్గర దుర్మాంసం అంటరు గద, అది గూడ జర అటుఇటుగ రెండుదిక్కుల ఉంటది. కానీ ఒక మనిషి వచ్చి "సారూ, ఎడమ ముక్కు ఒక్కటే బందైతున్నది, కుడిది మంచిగనే ఉన్నది, ఆర్నెల్లాయె" అన్నడనుకో, అక్కడ ఆగాలె. చుక్కల మందు ఇచ్చి పంపుడు కాదు. నెత్తురు గూడ పడుతున్నదంటే ఇంకా ఆగాలె. నేను ఇయ్యాల గంటసేపు ఏం చెప్పినా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుత.

ఒక్కదిక్కే బందైతే లోపల గడ్డ ఉండొచ్చు. క్యాన్సర్ గాని గడ్డను పేపర్లల్ల నిరపాయ కణితి అని రాస్తరు. నిజం చెప్పాలంటె నాకు ఆ మాట నచ్చదు. అపాయం లేనిదట! క్యాన్సర్ గాదు, ఊపిరితిత్తులకు, లివర్‌కు పాకదు, అంతవరకు ఒప్పుకుంట. కానీ ముక్కు అంటే ఏమన్న మోకాలా? పక్కన కన్ను, మీద మెదడు. కంటికీ ముక్కుకూ నడుమ గోడను ల్యాటిన్‌ల కాయితం గోడ అనే అంటరు, నిజంగ అంత పల్చగ ఉంటది. అసొంటికాడ బుడ్డ కండ పెరిగినా అది ఎటు నూకుతున్నది, ఎక్కడ పట్టుకోని ఉన్నది అనేది చూడాలె. పేరు మంచిదైతే సరిపోదు.

ఎక్స్‌రే నుంచి మొదలుపెడుదాం, ఎందుకంటె ఇప్పటికీ చానమంది ముక్కుకు ఎక్స్‌రే రాసి పంపుతున్నరు. మీరందరు పానగల్లు ఛాయా సోమేశ్వర గుడికి పోయింటరు గద. పోనోళ్లు ఎవరన్న ఉన్నరా? నల్లగొండల ఉండి పోకపోతే ఎట్లమ్మా! లింగం ఎనుక గోడ మీద పొద్దంత ఒక స్తంభం నీడ నిలబడి ఉంటది. మీరు బయటికొచ్చి ఇది ఏ స్తంభం నీడ అని ఒక్కో స్తంభం కాడ నిలబడి చూసుండ్రి, దొరకదు. ఎందుకంటె అది ఒక్క స్తంభం నీడ గాదు, నాలుగుదిక్కుల నుంచి వచ్చే వెలుతురు, స్తంభాలు కలిసి చేసే పని. ఎక్స్‌రే గూడ అంతే. చెంప అర్రల మబ్బుగ ఏదో ఉన్నదని కనపడుతది. నీళ్లా, చీమా, కండా, గడ్డా? చెప్పలేం. నీడ ఉన్నది, దేనిదో తెల్వదు.

సీటీ స్కాన్ నయం. ఎముక చానా మంచిగ కనపడుతది, ఆపరేషన్ చేసే డాక్టరుకు అదే పటం. సీటీ వద్దని నేను అంటలేను, రాసుకోండ్రి, సీటీ కావాలె. కానీ సీటీల నీళ్లు, కండ, గడ్డ అన్నీ కొద్ది తేడాతోని ఒక్కతీరు బూడిద రంగుల కనపడుతయి. ఇక్కడనే జనం ఆగమైతరు.

మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల పనిచేసే ఒకాయన వచ్చిండు, యాభై దాటినయి. ఎడమదిక్కు ముక్కు ఏడాదిన్నర నుంచి బంద్. ఊర్ల చుక్కల మందు వాడిండు, ఎవరో చెప్తే తుమ్మి ఆకు రసం గూడ పోసుకున్నడట, మంట పుట్టి రెండు రోజులు పండుకోలేదట. సీటీ తీసిండ్రు. ఎడమ చెంప నిండింది, కండ్ల నడుమ నిండింది, నొసలు మీద అర్ర గూడ నిండింది. కొడుకు ఫిల్ము చేతుల పట్టుకోని ఏడుస్తున్నడు, "సార్, నెత్తిదాంక పాకిందంట గద, నెత్తి కోస్తరా?" అనుకుంట.

ఇప్పుడు ఆ సందు సంగతికి వద్దాం. చెరువు తూముకాడ ఒక బండ అడ్డం పడింది అనుకోండ్రి. ఎనుక నీళ్లు నిలబడుతయా లేదా? చెరువంత నిండి కట్టదాంక వస్తది. ఇప్పుడు దూరం నుంచి చూసినోడు "అబ్బో, చెరువంత బండనే" అంటే ఎట్లుంటది? ముక్కు పక్కగోడల ఒక ఇరుకు జాగ ఉన్నది, చెంప అర్ర, నొసలు అర్ర, కండ్ల నడుమ ముందు అర్రలు, మూడింటి తూము అక్కడికే వస్తది. ఈ మిల్లు ఆయనకు వచ్చినసొంటి గడ్డ ఎక్కువ మొలిచేది గూడ అక్కడనే. గడ్డ ఇంత చిన్నగ ఉన్నా మూడు అర్రలు నిండుతయి. సీటీల మొత్తం గడ్డ లెక్కనే అనిపిస్తది. బండ ఎంత, నీళ్లు ఎంత అని ఇడగొట్టి చూపేది ఎమ్మారై. ఎమ్మారై ఎందుకు సారూ అని నన్ను అడిగితే సగం జవాబు ఇదే.

ఎట్ల ఇడగొడ్తది? మన ఒంట్ల ఎక్కువ ఉన్నది నీళ్లు, నీళ్లల్ల హైడ్రోజన్ ఉంటది. ఎమ్మారై పెద్ద అయస్కాంతం, అది ఆ హైడ్రోజన్ కణాలను ఒక తీరుగ నిలబెడ్తది, రేడియో తరంగం ఇచ్చి కదిలిస్తది, అవి మళ్ల సర్దుకునేటప్పుడు వచ్చే సిగ్నల్ పట్టుకోని బొమ్మ గీస్తది. ఎక్స్‌రే కిరణాలు అస్సలే ఉండయి. ఒక్కో తీరు బొమ్మకు ఒక్కో పేరు, టీ1, టీ2 అని. మీరు టీ2 ఒక్కటి యాదికి పెట్టుకోండ్రి, టీ2ల నీళ్లు తెల్లగ మెరుస్తయి. ఆగిపోయిన చీమిడి పల్చగ ఉంటే తెల్లగ, వాచిన పొర తెల్లగ, ఎలర్జీ కండ గూడ నీళ్లతోని ఉబ్బి ఉంటది గన్క అది గూడ తెల్లగనే. గడ్డ మాత్రం కణాలు దగ్గరదగ్గర ఉండి జర మబ్బు రంగుల ఉంటది. అంత తెల్లటి నడుమ మబ్బు ముక్క, ఇట్టె దొరుకుతది. మళ్ల గాడోలినియం సూది మందు ఇస్తే గడ్డంత వెలుగుతది, నీళ్లు వెలగవు, నీళ్ల చుట్టూ ఉన్న పొర ఒక్కటి అంచు లెక్క వెలుగుతది.

ఆ మిల్లు ఆయనకు తీసినం. నొసలు అర్రంత నీళ్లే! గడ్డ తూముకాడ మొదలై చెంప అర్రలకు జర దిగింది, గంతే. ఇంకో సంగతి చెప్పాలె. ఆ గడ్డ లోపల గీతలు కనపడ్డయి, ఒక తెల్ల గీత, ఒక నల్ల గీత, మెలికెలు మెలికెలు. మటన్ షాపుల భేజా చూసిండ్రు గద? ఆ భేజా మీద మడతలు ఎట్ల ఉంటయో అచ్చం గట్లనే. ఇది ఇన్వర్టెడ్ పాపిలోమా అనే గడ్డకు గుర్తు. మొటిమె బయటికి పెరుగుతది, ఇది ఉల్టా, పై పొర లోపలికి మడిచి మడిచి పెరుగుతది, అందుకే ఇన్వర్టెడ్ అన్నరు. 1854లనే వార్డ్ అనే డాక్టర్ ఇసొంటి గడ్డ గురించి రాసిండు, లోపలికి మడుచుకునుడు సంగతి 1938ల రింగెర్ట్స్ చెప్పిండు. మన మిషన్ల ఆ మడతలే గీతల లెక్క కనపడుతయి. ఇంత సూటిగ మైక్రోస్కోపుల ఉన్నది బొమ్మల దొరుకుడు మా పనిల అరుదు. నాకైతే ఇప్పటికీ ఆ గీతలు కనపడితే పానం సంబురమైతది, పేషెంటుకు చెప్పొద్దు ఈ మాట.

సంబురం ఒక్కటే గాదు. ఈ గడ్డ క్యాన్సర్ గాదు గానీ కొందరిల క్యాన్సర్ కలిసి ఉంటది లేకపోతే తర్వాత అట్ల మారుతది, పుస్తకాలు 5 నుంచి 15 శాతం మధ్యల చెప్తయి. ఆ గీతలు గడ్డంత ఉండి ఒక్కకాడ చెరిగిపోయినట్టు ఉంటే నాకు అనుమానం. ఎముక నూకినట్టు గాకుంట కొరికినట్టు ఉంటే ఇంకా అనుమానం. డిఫ్యూజన్ అని ఇంకో బొమ్మ ఉన్నది, కణాలు బాగ ఇరుకుగ ఉంటే దాంట్ల తెలుస్తది, క్యాన్సర్ ఉంటే చానసార్లు పట్టిస్తది. అయినా ఆఖరి మాట ముక్క పరీక్షదే, నాది గాదు. నేను "ఇక్కడనుంచి ముక్క తియ్యుండ్రి" అని ఏలు పెట్టి చూపుత.

ఇంకోటి, ఏరు. చెట్టు కొట్టి ఏరు ఇడిస్తే మళ్ల మొలుస్తది, తుమ్మ చెట్టు కాడ మనకు ఎరుకే గద. ఈ గడ్డ గూడ గోడను ఒక్కకాడ పట్టుకోని ఉంటది, మిగతాదంత ఉత్తగ ఏలాడుతుంటది. ఆ పట్టుకున్న జాగ తీయకపోతే మళ్ల వస్తది. ఏరు ఉన్నకాడ ఎముక జర మందమైతది, ముల్లు లెక్క పొడుచుకొస్తది, అది సీటీల కనపడుతది, ఆ భేజా గీతలు ఎటు దగ్గరికి వస్తున్నయో ఎమ్మారైల కనపడుతది. రెండు పక్కపక్కన పెట్టి చూస్తే ఏరు దొరుకుతది. ఒకప్పుడు ముక్కు పక్కపొంటి మొఖం కోసి తీసేటోళ్లు, ఇప్పుడు ఎక్కువ ముక్కు రంధ్రంల నుంచే ఎండోస్కోపు పెట్టి తీస్తున్నరు, కోత లేదు, మచ్చ లేదు. అయితే లోపల ఎక్కడికి పోవాలెనో ముందే తెల్సి ఉండాలె గద. మిల్లు ఆయనకు గట్లనే తీసిండ్రు. నెత్తి కోయలేదు. ముక్క పరీక్షల గూడ ఇన్వర్టెడ్ పాపిలోమా అనే వచ్చింది, క్యాన్సర్ లేదు. కొడుకు తర్వాత మిర్చిబజ్జీలు తెచ్చిండు.

మొగపిల్లగాని ముక్కుల నెత్తురు

ఇది మీ కోసమే చెప్తున్న, ముఖ్యంగ ఆర్‌ఎంపీ అన్నలకు. పది పదకొండు నుంచి ఇరవై ఏండ్ల లోపు మొగపిల్లగాడు. ఒక్కదిక్కు ముక్కు బంద్, ఘడియ ఘడియకు నెత్తురు, ఎండాకాలం వేడి చేసింది అని ఇంట్ల ఉల్లిగడ్డ వాసన చూపిస్తుంటరు. టార్చి లైట్ పెట్టి చూస్తే లోపల ఎర్రగ కండ కనపడుతది. చెయ్యి పెట్టకుండ్రి. చిమ్టా పెట్టకుండ్రి. ముక్క తీయకుండ్రి. ఆంజియోఫైబ్రోమా అని ఒక గడ్డ ఉన్నది, దాదాపుగ మొగపిల్లగాళ్లకే వస్తది, క్యాన్సర్ గాదు, కానీ మొత్తం నెత్తురు నాళాల ముద్ద. ముట్టుకుంటే ఆగని నెత్తురు. ఒక పిల్లగాన్ని నా దగ్గరికి తెచ్చేసరికి ముక్కుల బట్ట కుక్కి, అంగీ అంత నెత్తురు, తల్లి కొంగు అంత నెత్తురు. ఎవరో కండ అనుకోని గుంజి చూసిండ్రట. ఎవరని నేను అడగలేదు, అడిగి ఏం చేస్త.

బొమ్మల ఇది ఎట్లుంటది? నెత్తురు జోరుగ ఉరికే నాళం ఎమ్మారైల సిగ్నల్ ఇయ్యదు, నల్లచుక్క అయితది. వెలిగే గడ్డ నడుమ అక్కడక్కడ నల్లచుక్కలు. పుస్తకాలల్ల ఉప్పు మిరియాలు అని రాస్తరు. నాకు మాత్రం మా అమ్మ చేసిన జొన్నరొట్టె యాదికొస్తది, తెల్లటి రొట్టె మీద మాడిన చుక్కలు. ఈ గడ్డ ముక్కు ఎనుక ఒక చిన్న రంధ్రం కాడ పుట్టి, చెంప అర్ర ఎనుక గోడను ముందుకు ఒంగేటట్టు నూకుతది, అది సీటీల సక్కగ కనపడుతది. అక్కడినుంచి దారి దొరికితే కంటి ఎనుకకు, మెదడు కిందికి పాకుతది. ఎంతదాంక పోయింది అనేది ఎమ్మారై చెప్తది. బొమ్మ, వయసు, మొగపిల్లగాడు, నెత్తురు, ఇవి కలిస్తే సాలు, ముక్క పరీక్ష లేకుంటనే తేల్చేస్తం. ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు తొడల నుంచో చేతి నుంచో సన్న గొట్టం పంపి గడ్డకు పోయే నెత్తురునాళం మూసేస్తరు, తర్వాత తీస్తరు. అట్ల చేస్తే పోయే నెత్తురు మస్తు తక్కువైతది.

చిన్నపిల్లల సంగతి ఒక్కమాటల. పసిపిల్లల ముక్కుల మీదినుంచి దిగినట్టు కండ ఉంటే అది మెదడు పొర కిందికి జారింది గావచ్చు. అక్కడ ముక్క తీసుడు అంటే మెదడు చుట్టూ ఉండే నీళ్లు కారుడే. ముందు ఎమ్మారై. ఇగ వేరే మాట లేదు.

మూడు నలుపులు, నా తప్పు

ఇప్పటిదాంక ఎమ్మారైని మోసిన. ఇప్పుడు దాన్ని తిడుత. ఎమ్మారైల గాలి నల్లగ ఉంటది. గట్టి ఎముక నల్లగ ఉంటది. నొసలు అర్రల ఎముక గడ్డ, ఆస్టియోమా అంటరు, సైనస్‌లల్ల క్యాన్సర్ గాని గడ్డలల్ల ఎక్కువ కనపడేది ఇదే, అది గూడ ఎమ్మారైల నల్లగనే ఉండి గాలిల కలిసిపోతది, సీటీల మాత్రం చందమామ లెక్క మెరుస్తది. రెండు నలుపులు అయినయా? మూడోది, ఎండిపోయిన చీమిడి, ఫంగస్ ముద్ద. నీళ్లు ఇంకిపోయి గట్టిపడ్డకొద్ది టీ2ల తెలుపు పోయి పోయి ఆఖరికి నల్లగైతది.

నేను కొత్తగ పనిల చేరినప్పుడు ఒక అమ్మది ఎమ్మారై చూసి కుడి చెంప సైనస్ ఖాళీగ ఉన్నది, గాలి ఉన్నది, మంచిగున్నది అని రాసిచ్చిన. సాయంత్రం ఈఎన్‌టీ మిత్రుడు ఫోన్ చేసిండు. "నువ్వు ఖాళీ అన్న అర్రల నుంచి నేను ఇప్పుడే పిడికెడు బురద తీసిన" అన్నడు. ఫంగస్ ముద్ద. ఆమెకు సీటీ గూడ ఉండె, దాంట్ల ఆ అర్ర నిండుగ కనపడుతుండె, కవర్ల నుంచి బయటికి తీయకుంట పక్కకు పెట్టిన నేను. ఆమెకు ఏం కాలేదు, నా అదృష్టం. ఆనాటి నుంచి సీటీ లేకుంట ముక్కు ఎమ్మారై రిపోర్ట్ రాయ. ఎవరన్న తొందర పెడితే పెట్టనీ.

2021ల కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కోఠి ఈఎన్‌టీ దవాఖాన ముంగట జనం ఎట్లుండ్రో టీవీల చూసిండ్రు గద. అది వేరే జబ్బు, గడ్డ గాదు, షుగర్ ఉన్నోళ్లను రోజులల్ల తినేసేది. కానీ మన జిల్లాలల్ల ముక్కుకు గూడ ఎమ్మారై తీస్తరు అని చానమందికి అప్పుడే ఎరుకైంది.

ఇగ మిషన్ గురించి అడుగుతరు, ఆశా అక్కలు ముందే చీటీ పంపిండ్రు. ఎక్కువ కాడ ఉండేది 1.5 టెస్లా, భూమి అయస్కాంతం కంటె దగ్గర దగ్గర 30 వేల రెట్లు. లోపల హీలియం ద్రవం ఉంటది, సున్నా కింద 269 డిగ్రీల చల్లదనం, అందుకే కరెంటు పోయినా అయస్కాంతం పోదు, రాత్రి పగలు పనిచేస్తనే ఉంటది. అందుకే జాగ్రత్త. ఆడోళ్లను పుస్తెలతాడు తీయమంటే కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటరు. బంగారం గుంజదు, వాస్తవమే. గుంజేది ఆ పుస్తెలతాడుకు కుచ్చిన పిన్నీసులు! నాలుగు, ఐదు, ఒకామెకు పదకొండు లెక్కపెట్టిన. ముక్కు స్కాన్ అంటే పిన్నీసు గొంతుకాడ ఉంటది, మొఖం మీదికి లేస్తది. నా సలహా ఏందంటే తాడు తీపిచ్చి, పసుపు దారం ఒకటి కట్టి పంపుండ్రి ఇంటికాడనుంచే. మా సిస్టర్ డ్రాయర్ల పసుపు దారం కండె ఎప్పుడూ ఉంటది. ముక్కుపుల్ల గూడ తీయాలె, బొమ్మ అక్కడనే పాడైతది. గుండెల పేస్‌మేకర్, చెవుల మిషన్, మెదడుల క్లిప్పు ఉంటే ముందే చెప్పాలె.

గాడోలినియం మందు 60 కిలోల మనిషికి 12 ఎం.ఎల్. దాంక పడుతది. కిడ్నీలు బాగ దెబ్బతిన్నోళ్లకు ఆలోచించి ఇయ్యాలె, అందుకే ముందు క్రియాటినిన్ పరీక్ష. ఊరికనే డబ్బులకు రాస్తలేం.

ఇంకో కష్టం మన జిల్లాదే. మర్రిగూడ దిక్కు నుంచి పెద్దమనుషులు వస్తరు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఎన్నుపూస గట్టిపడి ఒంగిపోయి ఉంటది. ఎల్లెలుకల పండుమంటే ఎట్ల పండుతరు? తల కిందికి ఆనదు. తల చుట్టూ పెట్టే డబ్బా పట్టదు. మెడ కింద, నడుము కింద దుప్పట్లు మడిచి పెట్టుకుంట, పక్కకు జరుపుకుంట తీస్తం, కొందరికి అయితది, కొందరికి కాదు. కాకపోతే సీటీతోనే సంసారం. అరగంట కదలకుండ పండుకోమంటే మీకు కోపం వస్తది గానీ, 1977 జూలై 3న అమెరికాల మొదటిసారి మనిషి ఒళ్లును ఇట్ల బొమ్మ తీసినప్పుడు ఒక్క బొమ్మకు దాదాపు ఐదు గంటలు పట్టింది.

ఆఖరుకు, ముందల కూసున్న అన్న అడిగిండు, ఆపరేషన్ అయినంక గూడ ఎమ్మారై ఎందుకని. ఆపరేషన్ చేసినకాడ మచ్చ కడుతది, ఆ మచ్చ గూడ మందుకు వెలుగుతది, గడ్డ గూడ వెలుగుతది. ఒక్క ఫిల్ము చూసి ఏది ఏదో చెప్పుడు కష్టం. పాత ఫిల్ము పక్కన పెడితే తెలుస్తది, పెరిగిందా అట్లనే ఉన్నదా. మన దగ్గర పాత ఫిల్ములు ఏం చేస్తరు? గ్రహణం చూడనీకి, కోళ్లగూడుకు అడ్డం పెట్టనీకి. గ్రహణం దానితోని చూడొద్దు, అది వేరే ముచ్చట.

మిల్లు ఆయన మూడో ఏడు వచ్చినప్పుడు ఏరు ఉన్నకాడ ఇంత ముక్క వెలుగుతున్నది. అందరం బుగులు పడ్డం, మళ్ల మొలిచిందా అని. మొదటి ఏడు తీసిన ఫిల్ము ఉన్నదా అని అడిగిన. ఆయన భార్య సంచిల నుంచి తీసింది, మడత గూడ పడలేదు. చూస్తే అప్పుడు గూడ ఇంతే ఉన్నది, ఇదే జాగల, ఇదే సైజు. మచ్చనే. మళ్ల కోసే పని లేదు. ఇంత పదిలంగ ఎట్ల పెట్టినవమ్మా అని అడిగితే, "సందూకల పట్టా పాస్‌బుక్కు కింద పెట్టిన సారూ, భూమి కాయితం, ఈయన ముక్కు కాయితం ఒక్కకాడనే ఉంటయి" అన్నది.